కొత్త షుగరు మందు ‘పడలేదు’ అనిపించినప్పుడు ఏం చేయాలి

గుంటూరు కొత్తపేటలో మందుల షాపు కౌంటరు వెనక ఇరవై ఏళ్ళకు పైగా నిలబడిన ఫార్మసిస్టుగా నేను తరచు వినే మాట ఒకటుంది: ‘ఈ కొత్త బిళ్ళ నాకు పడలేదండీ, పాతదే ఇవ్వండి.’ ఆ మాట వెనక ఉన్న బాధ నిజమైనదే. కానీ ‘పడలేదు’ అన్న ఒక్క మాటలో ఒకదానితో ఒకటి పొంతన లేని సంగతులు ఎన్నో ఇమిడి ఉంటాయి. ఒకరికి షుగరు నిజంగానే పడిపోయి ఉంటుంది. ఇంకొకరికి ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉన్న షుగరు సరైన చోటికి దిగుతున్నందువల్లే ఒళ్ళు తేలిపోతున్నట్టు ఉంటుంది. మరొకరికి మందు స్వభావం వల్ల కడుపులో తిప్పుతుంది. కొందరు పాత మందు ఆపకుండా కొత్తది కూడా వేసుకుంటూ ఉంటారు. కొద్దిమందికి మందుతో ఏ సంబంధమూ లేని జబ్బు అదే వారంలో మొదలవుతుంది. వీటిలో ఏది జరిగిందో తేలకుండా మందు మానేయడం ఎంత ప్రమాదమో, డాక్టరు గారికి చెప్పకుండా పళ్ళ బిగువున భరించడమూ అంతే ప్రమాదం. తేల్చుకునే పద్ధతి ఏమిటో వీలైనంత వివరంగా చెబుతాను.

తేడా అనిపించిన క్షణంలోనే షుగరు చూడాలి

నీరసం, కళ్ళు తిరగడం, గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, తట్టుకోలేని ఆకలి, కారణం లేని చిరాకు, వీటిలో ఏది కనిపించినా మొదట చేయవలసిన పని గ్లూకోమీటరు తీయడం. మరునాడు ఉదయం ల్యాబుకు వెళ్ళి పరగడుపున చేయించుకున్న పరీక్ష, నిన్న సాయంత్రం నాలుగు గంటలకు వచ్చిన వణుకు గురించి ఏమీ చెప్పలేదు. వేలు గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోవాలి. ఇది పైపై జాగ్రత్త కాదు. వేసవిలో రసం మామిడిపండు తిన్న చేతితో పరీక్ష చేస్తే వేలికి అంటిన తీపి కూడా లెక్కలోకి వచ్చి, షుగరు తక్కువగా ఉన్న మనిషికి కూడా మీటరు ఎక్కువ చూపిస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత సరిగా బిగించకపోయినా, ఎండలో నిలిపిన బండి డిక్కీలో వదిలేసినా ఆ అంకెను నమ్మలేము.

మీటరులో 70 కంటే తక్కువ వస్తే అది షుగరు పడిపోవడమే. 54 కంటే తక్కువ వస్తే మెదడుకు అందవలసిన గ్లూకోజు అందడం లేదన్నమాట, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. లక్షణాలు ఉండి, మీటరు చేతిలో లేకపోతే, పడిపోయిందనే అనుకుని తీపి ఇవ్వాలి. షుగరు కాసేపు పెరిగినందువల్ల కలిగే నష్టం పడిపోయినందువల్ల కలిగే నష్టంతో పోలిస్తే చాలా చిన్నది.

మా నాన్నగారికి ఇది ఒక కార్తిక సోమవారం నాడు జరిగింది. అంతకు పది రోజుల ముందే డాక్టరు గారు ఆయనకు గ్లిమిపిరైడ్ అనే షుగరు బిళ్ళ మోతాదును 1 మిల్లీగ్రాము నుంచి 2 మిల్లీగ్రాములకు పెంచారు. ఉపవాసం సంగతి ఆయన డాక్టరు గారితో చెప్పలేదు, వెంట వెళ్ళిన నేను కూడా చెప్పలేదు. ఆ రోజు తెల్లవారుజామున స్నానం చేసి, బ్రాడీపేటలో మా వీధి చివరి శివాలయంలో దీపం పెట్టి వచ్చి, మందు మాత్రం మానకూడదు కదా అని కాఫీతో బిళ్ళ వేసుకున్నారు. నక్షత్రం చూసేదాకా ఆయన ఏమీ తినరు. పదకొండు గంటల వేళ వరండాలో పడక కుర్చీలో ఉన్న మనిషికి, పైన ఫ్యాను తిరుగుతూనే ఉన్నా, చొక్కా వీపంతా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నా భార్య పలకరిస్తే ఆమెను ఎప్పుడో పోయిన మా మేనత్త పేరుతో పిలిచారు. మీటరులో 48 వచ్చింది. మింగగలుగుతున్నారని నమ్మకం కుదిరాక, స్టీలు గ్లాసులో మూడు చెంచాల గ్లూకోజు పొడి కలిపి, గొంతు కదలికనే చూస్తూ గుటక గుటకగా తాగించాం. పావుగంటకు 63, మళ్ళీ అదే మోతాదు ఇచ్చాక ఇంకో పావుగంటకు 96 వచ్చింది. అప్పుడు గాని ఆయన నా భార్యను ‘అమ్మాయ్’ అని ఎప్పటిలా పిలవలేదు.

ఆ రోజు మేము చేసినదే అందరూ చేయవలసిన పద్ధతి. సుమారు 15 గ్రాముల గ్లూకోజు, అంటే మూడు చెంచాల గ్లూకోజు పొడి లేదా పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ పరీక్షించి, ఇంకా 70 దాటకపోతే మరోసారి ఇవ్వాలి. దాటిన తరువాత రెండు ఇడ్లీలో, కొంచెం పెరుగన్నమో తప్పకుండా పెట్టాలి. ఇంట్లో ఉన్నదని లడ్డూ, మైసూరుపాకు వంటివి ఇవ్వడం సరికాదు, ఎందుకంటే వాటిలోని నెయ్యి వల్ల తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. అకార్బోజ్ గాని వోగ్లిబోజ్ గాని కలిసిన మందు వాడుతున్నవారికి పంచదార, బెల్లం కూడా వెంటనే పనిచేయవు. పంచదారను పేగుల్లో విడగొట్టే పనినే ఆ మందులు అడ్డుకుంటాయి కాబట్టి వారికి గ్లూకోజు పొడి మాత్రమే ఇవ్వాలి. మన ప్రాంతంలో వోగ్లిబోజ్ కలిసిన బిళ్ళలు వాడేవారు చాలామంది ఉన్నారు, ఈ ఒక్క విషయం తెలిసినవారు మాత్రం తక్కువ. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది. పక్కకు ఒత్తిగిల్లి ఉండేలా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్ళల వల్ల పడిపోయిన షుగరు ఒకసారి లేచాక మళ్ళీ పడవచ్చు, ఎందుకంటే వాటి పని గంటల తరబడి సాగుతుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో, పెద్ద వయసువారిలో ఇది ఒక రోజు దాకా కూడా ఉండవచ్చు. అందుకే మా నాన్నగారికి ఆ రాత్రి రెండు గంటలకు కూడా పరీక్ష చేశాం. అలాంటివారిని ఆస్పత్రిలో ఉంచి చూడమని డాక్టరు గారు అంటే, తేరుకున్నారు కదా అని ఇంటికి తీసుకుపోవద్దు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడేవారిలో దడ, వణుకు బయటపడకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. నిద్రలో చెమటలు, పీడకలలు, ఉదయం లేవగానే తలనొప్పి ఉంటే ఒకటి రెండు రాత్రులు మూడు గంటలకు అలారం పెట్టుకుని పరీక్షించాలి.

షుగరు బాగానే ఉంది, ఒళ్ళే బాగాలేదు

చాలాకాలం 300 దగ్గర ఉన్న మనిషికి కొత్త మందుతో 130కి దిగితే, చెమట, దడ, ఆకలి అన్నీ షుగరు పడిపోయినప్పటిలాగే రావచ్చు. శరీరం ఎక్కువ చక్కెరకు అలవాటుపడి, మామూలు స్థాయినే లోటుగా భావిస్తుంది. ఇలాంటప్పుడు గ్లూకోజు తాగితే షుగరు మళ్ళీ పైకి పోతుంది, అలవాటు మారదు. కూర్చుని మంచినీళ్ళు తాగి, భోజనం వేళ తప్పకుండా తింటూ ఉంటే కొద్ది వారాల్లో ఇది తగ్గిపోతుంది. మరీ ఇబ్బందిగా ఉంటే షుగరును ఇంకా నిదానంగా దించేలా మోతాదు మార్చమని డాక్టరు గారిని అడగవచ్చు.

చూపు మసకబారడం కూడా ఇలాంటిదే. షుగరు త్వరగా మారినప్పుడు కంటిలోని కటకంలో నీటి పాలు మారి, నిన్నటిదాకా సరిపోయిన కళ్ళజోడు ఇవాళ సరిపోదు. కొత్త అద్దాలు వెంటనే చేయించుకోకుండా కనీసం నెలన్నర, రెండు నెలలు ఆగడం మేలు. కంటి ముందు నల్లటి చుక్కలు రాలినట్టు ఉన్నా, తెర పడినట్టు ఉన్నా, ఒక కన్ను హఠాత్తుగా కనిపించకపోయినా అది వేరే సంగతి, ఆ రోజే రెటీనా డాక్టరుకు చూపించాలి.

పాత అట్టలూ కొత్త అట్టలూ ఒకచోట పెట్టి చదవాలి

ఒకసారి ఒక పెద్దావిడ కొత్త బిళ్ళ పడలేదని, రోజూ మధ్యాహ్నానికి కాళ్ళు తేలిపోతున్నాయని షాపుకు వచ్చారు. ‘మామ్మ గారూ, సంచిలో ఉన్నవన్నీ ఒకసారి చూపిస్తారా?’ అని అడిగితే కౌంటరు మీద నాలుగు అట్టలు పెట్టారు. రెండింటి పేర్లు వేరు, రంగులు వేరు, కంపెనీలు వేరు. వెనక వెండి రేకు మీద ఉన్న చిన్న అక్షరాల్లో మాత్రం రెండింటిలోనూ గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ అనే ఉంది. డాక్టరు గారు పాతదాని బదులు కొత్తది రాస్తే, ఆవిడ రెండూ వేసుకుంటున్నారు. ఆవిడ ముందే ఆ డాక్టరు గారి ఆస్పత్రికి ఫోన్ చేసి, ఏది ఉంచాలో ఏది ఆపాలో చెప్పించాం.

కాబట్టి కొత్త చీటీ వచ్చిన రోజే ఇంట్లోని అట్టలన్నీ బయట పెట్టి, పైన పెద్దగా ఉన్న బ్రాండు పేరు కాక, వెనక రాసిన అసలు మందు పేరు, మిల్లీగ్రాములు చదవాలి, లేదా చదువు వచ్చిన పిల్లల చేత చదివించాలి. బ్రాండు చివర ఎం1 అన్నచోట ఎం2 అని ఉంటే సాధారణంగా గ్లిమిపిరైడ్ రెట్టింపు అయిందని అర్థం. ‘ఫోర్టే’ అని ఉంటే మెట్‌ఫార్మిన్ పెరిగి ఉంటుంది. ఆపేసిన మందులకు రబ్బరు బ్యాండు వేసి వేరే డబ్బాలో పెట్టాలి.

ఇన్సులిన్ మారినవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్ల రకం, పెన్నుల కార్ట్రిడ్జిల్లో ఉండేది 100 యూనిట్ల రకం. ఎర్ర మూత సిరంజి 40 రకానికి, నారింజ రంగు మూత సిరంజి 100 రకానికి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. ప్రాణం మీదికి వచ్చే పొరపాటు ఇది. సీసా, సిరంజి రెండింటి మీదా ఒకే అంకె ఉందో లేదో కొనే ప్రతిసారీ చూడండి, మమ్మల్ని అడగండి. అడిగితే విసుక్కునే షాపు అయితే వేరే షాపుకు వెళ్ళండి.

ఇంకో మాట. షుగరు మందు మారిన వారంలోనే వేరే మందు కూడా మొదలై ఉండవచ్చు. సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయోటిక్కులు గ్లిమిపిరైడ్ వాడేవారిలో షుగరును పడగొట్టగలవు, స్టెరాయిడ్లు పెంచుతాయి. కాకరకాయ రసం, పొడపత్రి పొడి వాడుతుంటే అది కూడా డాక్టరు గారికి చెప్పవలసిన విషయమే, దాచవలసినది కాదు.

మందు స్వభావం వల్ల వచ్చే బాధలు

మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టినా, పెంచినా వికారం, కడుపుబ్బరం, విరేచనాలు, నోట్లో ఇనుము చప్పరించినట్టు ఉండటం మామూలే. పరగడుపున కాకుండా భోజనం మధ్యలోనో చివరనో వేసుకుంటే, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారం వారం పెంచితే చాలామందికి సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే మెల్లగా విడుదలయ్యే ఎస్ఆర్ రకానికి మార్చమని అడగవచ్చు. ఆ బిళ్ళను కొరకకూడదు, పొడి చేయకూడదు. మా గుంటూరు వంటల కారం ఆ మొదటి రెండు వారాలు కాస్త తగ్గించి, పెరుగు, మజ్జిగ వైపు మొగ్గితే తేలికగా ఉంటుందని నేను అందరికీ చెబుతాను. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడి, ఇప్పుడు నీరసం, కాళ్ళ తిమ్మిర్లు అంటున్నవారు విటమిన్ బీ12 పరీక్ష చేయించుకోవాలి. తప్పు కొత్త మందుది కాకపోవచ్చు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు ముగిసి చవకైన రకాలు రావడంతో ఇవి వాడేవారు పెరిగారు. షుగరును మూత్రంలోకి పంపించడమే వీటి పని. దానితో పాటు నీరూ ఉప్పూ పోతాయి కనుక లేచి నిలబడగానే కళ్ళు తిరగవచ్చు, ముఖ్యంగా బీపీకి మూత్రం బిళ్ళ కూడా వాడుతుంటే. మే నెలలో విజయవాడలో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో ఇది ఇంకా ఎక్కువ. గుండె బలహీనత వల్ల నీరు తక్కువ తాగమని చెప్పినవారు తప్ప మిగిలినవారు దాహం కోసం ఎదురుచూడకుండా నీళ్ళు తాగుతూ ఉండాలి. ‘మందు వేడి చేసింది’ అని ఆడవాళ్ళూ మగవాళ్ళూ సిగ్గుపడుతూ చెప్పే దురద, మంట చాలాసార్లు జననాంగాల దగ్గర వచ్చే ఫంగస్. మూత్రానికి వెళ్ళిన ప్రతిసారీ నీళ్ళతో శుభ్రం చేసుకుని తడి లేకుండా ఉంచుకుంటే తగ్గుతుంది, పూతమందుతో నయమవుతుంది. చలి జ్వరంతో మంట వస్తే మాత్రం మూత్రకోశంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, వెంటనే చూపించాలి.

ఈ రెండు మందులు వాడేవారికి అరుదుగా వచ్చే కీటోయాసిడోసిస్ అనే పెద్ద ప్రమాదాన్ని మీటరు పట్టుకోలేదు. షుగరు 180, 200 దగ్గరే కనిపిస్తూ, లోపల రక్తం ఆమ్లమయం అవుతుంది. ఆగని వాంతులు, కడుపునొప్పి, వేగంగా లోతుగా శ్వాస తీయడం దీని గుర్తులు. జ్వరం, వాంతులు, విరేచనాలతో తిండి తినలేని రోజున ఈ మందును, మెట్‌ఫార్మిన్‌ను తాత్కాలికంగా ఆపవలసి వస్తుంది. ఆపరేషన్‌కు 3 రోజుల ముందు కూడా ఈ మందును ఆపిస్తారు. జబ్బు చేసిన రోజున ఏది ఆపాలో, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో ముందుగానే డాక్టరు గారి చేత చీటీ మీద రాయించుకోవాలి. ఇన్సులిన్ మాత్రం తిండి తినలేదని మొత్తానికి మానకూడదు, మోతాదు అడిగి తీసుకోవాలి.

పయోగ్లిటజోన్‌తో కాళ్ళ వాపు, బరువు పెరగడం ఉంటాయి. వాపుతో పాటు ఆయాసం వస్తే ఆ రోజే చెప్పాలి. విల్డాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్ వంటివి చాలామందికి ఏ ఇబ్బందీ పెట్టవు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వాడేవారికి వికారం, మలబద్ధకం మోతాదు పెంచిన ప్రతిసారీ వచ్చి తగ్గుతుంటాయి. కొంచెం కొంచెంగా తినడం, నూనె వంటలు మానడం మేలు చేస్తాయి. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం అది క్లోమం వాపు కావచ్చు, ఆస్పత్రికి వెళ్ళాలి.

ఆగకూడని సందర్భాలు

చల్లటి చెమటలు, ఆయాసం, వాంతి, దవడలోనో ఎడమ చేతిలోనో లాగుడు ఉండి, మీటరులో షుగరు బాగానే ఉంటే అది మందు పడకపోవడం కాదు, గుండెపోటు కావచ్చు. షుగరు ఉన్నవారికి ఛాతీ నొప్పి లేకుండా కూడా గుండెపోటు వస్తుంది. మూతి ఒక పక్కకు పోవడం, మాట తడబడటం, పెదాలు, ముఖం ఉబ్బి ఊపిరి ఆడకపోవడం కూడా అంతే అత్యవసరం. అర్ధరాత్రి అయినా గుంటూరులో, విజయవాడలో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల అత్యవసర విభాగాలు ఉన్నాయి. మందుల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళాలి.

డాక్టరు గారి దగ్గరికి ఏం తీసుకువెళ్ళాలి

కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా రెండు గంటలు వేచి ఉన్న తరువాత డాక్టరు గారి ముందు దొరికేది కొద్ది నిమిషాలే. ‘ఒంట్లో బాగుండటం లేదండి’ అన్న మాటతో ఆ నిమిషాలు అయిపోతాయి. దాని బదులు ఒక చిన్న పుస్తకంలో నాలుగైదు రోజులు బిళ్ళ వేసుకున్న వేళ, తిన్న వేళ, తేడా వచ్చిన వేళ, అప్పుడు మీటరులో వచ్చిన అంకె, వీలైతే బీపీ రాసుకుని వెళితే, ఆ పుస్తకమే సగం విషయం చెబుతుంది. ఈ మందు ఎందుకు మార్చారు, ఈ బాధ ఎన్ని రోజులు ఉండవచ్చు, ఏ అంకె వస్తే ఫోన్ చేయాలి, ఉపవాసం లేదా రంజాన్ రోజాల్లో ఎలా వేసుకోవాలి, ఈ నాలుగూ అడగకుండా లేవవద్దు. గుండె కోసమో మూత్రపిండాల కోసమో ఇచ్చిన మందును షుగరు మందే కదా అని మానేసినవారిని నేను చూశాను, కారణం అడిగి ఉంటే వాళ్ళు ఆ పని చేసేవారు కాదు.

మందు వల్లనే బాధ కలిగిందని తేలితే దానిని ప్రభుత్వానికి తెలియజేయవచ్చు. 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఇందుకోసమే ఉంది. 1800-180-3024 ఉచిత నంబరు, రోగి గాని ఇంట్లోవారు గాని ఫోన్ చేయవచ్చు. అట్ట మీద ఉన్న మందు పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ, మొదలుపెట్టిన రోజు, బాధ కనిపించిన రోజు అడుగుతారు. అందుకే మా షాపులో బిళ్ళలు కత్తిరించి ఇచ్చేటప్పుడు బ్యాచి నంబరు ఉన్న వైపు ముక్క మీకే ఇమ్మని అడగండి, ఆ ముక్కలోని బిళ్ళను చివరన వేసుకోండి.